ఏడో బెడ్ ఆయన పేరు

మా నర్సింగ్ ఫైనల్ ప్రాక్టికల్ పరీక్ష గుంటూరు బ్రాడీపేటలోని ఒక ఆస్పత్రి జనరల్ వార్డులో జరిగింది. నాకొచ్చిన పని చిన్నదే. ఏడో బెడ్ బుల్లయ్యగారికి మధ్యాహ్నం భోజనానికి ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. పర్చూరులో మా నాన్న ఈ పరీక్ష సంగతి ఎరువుల కొట్టు దాకా చెప్పేసి ఉన్నాడు. తప్పడానికి వీల్లేదు.

క్లాసులో మాకు ఒకటి బాగా నూరిపోశారు. మందు ఇచ్చే ముందు ‘మీరు ఫలానా వారేనా’ అని అడగకూడదు, పేరు వాళ్ల చేతే చెప్పించాలి. వార్డులోకొచ్చాక అలా అడిగినవాళ్లని నేను చూడలేదు. అక్కడ మనుషులకి పేర్లుండవు. నాలుగుకి సెలైన్ పెడతారు, తొమ్మిదిని ఎక్స్‌రేకి పంపుతారు. పేషెంటు భద్రత పరీక్షలో రాయడానికి, బెడ్ నంబరు పని చేయడానికి అని మేమూ సర్దుకుపోయాం.

ట్రే పట్టుకుని ఏడో బెడ్ దగ్గరికి వెళ్లాను. వెనకే గడియారం చూసుకుంటూ పరీక్షకురాలు శ్రీదివ్య మేడమ్, ఆవిడ పక్కన వార్డు ఇన్‌ఛార్జి రహమతున్నీసా సిస్టర్. సిస్టర్ సెలవు ముగించుకుని ఆ ఉదయమే డ్యూటీకొచ్చారు. బెడ్ మీది పెద్దాయనకి గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా కట్టు. దవడ విరిగితే తీగలతో బిగించారు. నోరు తెరవలేడు.

పేరు అడిగాను. తలూపాడు.

“బుల్లయ్యేగా?” అన్నారు సిస్టర్. మళ్లీ తలూపాడు.

“ఊపాడుగా, ఇచ్చెయ్యమ్మా.”

చార్టులో షుగరు గురించి ఉంది గానీ దవడ ఊసే లేదు. నాకు అనుమానమొచ్చి, నోటికొచ్చిందేదో అడిగాను.

“వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీ మీదేనాండి?”

దానికీ అంతే శ్రద్ధగా తలూపాడు.

చేతికి పేరు పట్టీ లేదు. బుల్లయ్య అని రాసున్న పట్టీ పక్కన బల్ల మీది క్యారేజీకి కట్టి ఉంది. కుళాయి దగ్గర కడిగేటప్పుడు మారిపోకుండా వార్డులో చాలామంది అలాగే కడతారట. మనుషులు మారిపోతారని ఎవరికీ తోచలేదు.

పట్టీ దొరికింది కదా, ఇంకా ఆలస్యమేమిటన్నారు మేడమ్. నేను సూది మళ్లీ ట్రేలో పెట్టేశాను. షుగరు లేని మనిషికి, అందులోనూ నోరు తెరవలేని మనిషికి ఇది ఎక్కి షుగరు పడిపోతే పంచదార నీళ్లు పట్టించడం కూడా కష్టం. అప్పుడే బయట్నుంచి వచ్చి స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య కోటిరత్నంగారి వైపు తిరిగాను.

“అమ్మా, ఆయన పేరు మీరు చెప్పండి.”

“బాగుంది. మొగుడి పేరు ఎట్టా చెప్తానే పిల్లా? మా పెద్దోడి నాన్న.”

పెద్దోడు మిర్చి యార్డుకి లోడుతో వెళ్లాడట. ఫోన్ ఎత్తలేదు. నేను బతిమాలాను. ఆవిడ గోడ మీది క్యాలెండర్లో వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టింది. సూది నొప్పి పుట్టకూడదని మొక్కుకుంటోందనుకుని మేడమ్ కూడా చేతులు జోడించారు.

“దణ్ణం కాదమ్మా. పేరు,” అంది కోటిరత్నంగారు విసుగ్గా.

“వెంకటేశ్వర్లుగారా?”

“సగం వచ్చావు.”

“వెంకటనారాయణ?”

ఆవిడ సిగ్గుపడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆయన తలూపాడు గానీ ఆ ఊపుకి విలువ పోయి చాలాసేపైంది.

అప్పుడు మూడో బెడ్ నుంచి గట్టిగా వినిపించింది. “బుల్లయ్యని నేనండీ. ఆకలేస్తోంది, సూదేదో త్వరగా పొడవండి.”

మూడో బెడ్ పైన ఫ్యాను బాగా తిరుగుతుందట. మారదామా అని బుల్లయ్య అడిగితే వెంకటనారాయణగారు తలూపారట. బుల్లయ్య క్యారేజీని అక్కడే మరిచిపోయి వచ్చాడు. మీ ఆయన ఏమడిగినా ఎందుకు తలూపుతున్నాడని సిస్టర్ అడిగితే, ఆస్పత్రిలో అలా ఊపితే త్వరగా ఇంటికి పంపిస్తారని నేనే చెప్పానంది కోటిరత్నంగారు.

బుల్లయ్యగారి చేత పేరు మళ్లీ చెప్పించి, ఇన్సులిన్ ఇచ్చాను. పరీక్షకిచ్చిన సమయం ఎప్పుడో దాటిపోయింది.

సిస్టర్ నన్ను పక్కకి లాగారు. “ఏం జరగలేదుగా. ఇక ఈ సంగతి ఎత్తకు.”

“ఏం జరగనప్పుడే చెప్పుకోవాలని మా క్లాసులో చెప్పారు సిస్టర్. జరిగాక ఎటూ అందరికీ తెలుస్తుంది.”

ఆవిడ నా వైపు చూసిన చూపుకి పరీక్ష పోయినట్టే అనుకున్నాను. మేడమ్ మాత్రం ఆలస్యానికి మార్కులు కోసి, పేరు అడిగినందుకు పూర్తి మార్కులు వేసి, పాస్ అన్నారు. ఆవిడ కూడా క్యారేజీని నమ్మిన సంగతి నేను ఎత్తలేదు. ఆవిడే ఎత్తారు, అందరి ముందూ.

మర్నాడు సామాన్ల కోసం వార్డుకి వెళ్తే, డ్యూటీ మారే నర్సులకి సిస్టరే ఈ కథ చెబుతున్నారు. పట్టీలు చేతులకొచ్చాయి. వెంకటనారాయణగారి పట్టీ పోయిందట. కొత్తది వచ్చేదాకా గుర్తుకని ఆయన తల దగ్గర క్యాలెండరు తగిలించారు.

“మళ్లీ బెడ్ మారితేనండీ?” అన్నాను.

కోటిరత్నంగారు తేలిగ్గా చెప్పింది. “మారితే స్వామిని కూడా తీసుకుపోతాంలే.”

పక్కన ఆయన తలూపాడు.