నడుముకి కొంచెం కింద

దర్జీకి చేతులు ముఖ్యం అనుకుంటారు జనం. శుద్ధ తప్పు. దర్జీకి కూర్చోవడం ముఖ్యం. చేతివాటం ఎంత గొప్పదైనా, చూపు ఎంత చురుకైనదైనా, పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా మిషను ముందు కుదురుగా కూర్చోలేనివాడి చేతిలో కత్తెర ఉండి ఏం లాభం? మన దర్జీ ముప్పై ఏళ్లు అలాగే కూర్చున్నాడు. ఇప్పుడు ఇరవై రెండు రోజులుగా నిలబడే ఉన్నాడు.

జరిగింది చూడబోతే చిన్న విషయం. మిషను దగ్గరికి కొత్త కుర్చీ కొందామని పెద్ద రోడ్డు మీద ఉన్న ఫర్నిచర్ షాపుకి వెళ్లాడు. ఒక కుర్చీకి చీటీ వేలాడుతోంది: "రెండు వందల కిలోల బరువైనా చెక్కు చెదరదు." దర్జీ బరువు అరవై ఒకటి. చీటీ చదువుకుని, ధైర్యం తెచ్చుకుని, కూర్చున్నాడు. కుర్చీ నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులు పట్టాయి. దర్జీ మాత్రం అటూ ఇటూ పోకుండా తిన్నగా కిందకి, గచ్చు మీదకి దిగాడు. షాపు మేనేజరు ఆదరాబాదరా పరుగెత్తుకొచ్చి ముందు కుర్చీని లేపాడు.

మూడో రోజున ఆ మేనేజరు ఒక కాగితం పంపించాడు. "నేను కుర్చీలో అజాగ్రత్తగా కూర్చున్నాను" అని దాని మీద టైపు కొట్టి ఉంది. కింద సంతకం పెడితే ఒక దిండు ఉచితం. దర్జీ సంతకం పెట్టలేదు. దాంతో మేనేజరు, ఆ మనిషికి దెబ్బే తగల్లేదని, ఆస్పత్రివాళ్లు ఎక్స్‌రే ఫొటో తీస్తే ఏమీ కనబడలేదని, ఇదంతా వట్టి నాటకమని వీధంతా టాంటాం వేశాడు. అప్పటి నుంచి దుకాణం ముందు నుంచి పోయే ప్రతివాడూ లోపలికి తొంగిచూసి, "ఏం మాస్టారూ, ఇంకా నిలబడే ఉన్నారా?" అని పలకరించి పోతున్నాడు. దర్జీకి నొప్పి కంటే ఈ పలకరింపులే ఎక్కువ బాధగా ఉన్నాయి. తనకి తగిలింది నిజమేనని పదిమంది ముందు ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి, అంతే ఆయన కోరిక.

తిరకాసు ఎక్కడుందంటే, ఫొటోలో నిజంగానే ఏమీ లేదు. ఎందుకు లేదో దర్జీ ఒక్కడికే తెలుసు. ఆస్పత్రిలో నర్సమ్మ "ఎక్కడ నొప్పి?" అని అడిగింది. ఆవిడ వెనకాల మరో ఇద్దరు నర్సమ్మలు, వాళ్ల పక్కన ఎవరో పేషెంటు తాలూకు అత్తగారు. ఇంతమంది పరాయి ఆడవాళ్ల ముందు ఆ మాట ఎలా అంటాడు? "నడుం" అన్నాడు. "కొంచెం కింద" అని కూడా అనబోయాడు గానీ, ఆ ముక్క బయటికి రాకముందే మింగేశాడు. వాళ్లు శ్రద్ధగా నడుముకి ఫొటో తీసి, నడుం నిక్షేపంగా ఉందని రాసిచ్చారు. భార్య ఆ టైముకి మందుల కౌంటరు దగ్గర వరసలో ఉంది కాబట్టి ఈ ఘనకార్యం ఆవిడకి తెలియదు.

"లాయరుని పెట్టుకోవాలి బావా," అన్నాడు బావమరిది. అతను కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. ఇంటింటికీ తిరుగుతాడు కాబట్టి ఊళ్లో తనకి తెలియని విషయం లేదనుకుంటాడు. "దెబ్బల కేసులు చూసే లాయర్లు వేరే ఉంటారు. నాలుగు రోడ్ల దగ్గర పెద్ద బోర్డుంది చూడలేదా?"

చూడకపోవడమేమిటి. ఆ బోర్డు మూడంతస్తుల ఎత్తుంటుంది. ఒక లాయరు వేలు చూపిస్తూ ఉంటాడు, కింద "పడ్డారా? లేపుతాం" అని రాసి ఉంటుంది. బావా బావమరుదులు ఇద్దరూ వెళ్లారు. లోపల గదినిండా సోఫాలే, మనిషి మునిగిపోయేంత మెత్తవి. "కూర్చోండి, కూర్చోండి," అన్నాడు లాయరు. బావమరిది కూర్చుని మోకాళ్ల దాకా మునిగాడు. దర్జీ సోఫా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమిటి దెబ్బ?"

"నడుమండీ."

"నడుమొక్కటేనా?" లాయరు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఒక్క నడుముతో ఏం చేస్తాం? మెడ పట్టేసిందనండి. కళ్లు తిరుగుతున్నాయనండి. మతిమరుపు కూడా వచ్చిందంటే ఇంకా మంచిది. మీ ఆవిడ పేరేమిటి?"

దర్జీ ముప్పై ఏళ్లలో నలుగురి ముందు భార్య పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు. మొహమాటపడి బావమరిది వైపు చూశాడు.

"చూశారా, మర్చిపోయాడు," అన్నాడు లాయరు సంతోషంగా, రాసుకుంటూ. తర్వాత బీరువా తీసి, మెడకి పెట్టుకునే పట్టీ ఒకటి తెచ్చి దర్జీకి స్వయంగా బిగించాడు. దాంతో దర్జీకి తన కాళ్లు తనకి కనబడకుండా పోయాయి. మెట్ల మీద రెండుసార్లు తూలి, మూడోసారి నిజంగానే పడబోయి, వెనక్కి వచ్చి పట్టీ విప్పి బల్ల మీద పెట్టేశాడు. లేని నొప్పులు మూడు అంటగట్టాడే గానీ ఉన్న నొప్పి సంగతి ఒక్క మాట అడగలేదని దర్జీకి ఒళ్లు మండింది.

ఇక ఎవరి మాటా వినకూడదనుకున్నాడు. తను దర్జీ. మనిషి ఎలాంటివాడో బట్ట చూసి చెప్పగలడు. మర్నాడు పొద్దున్నే కోర్టు గేటు దగ్గర నిలబడి, వచ్చే పోయే నల్లకోట్లన్నీ పరకాయించి చూశాడు. భుజాలు జారినవి, గుండీలు ఊడినవి, జేబులు సంచుల్లా వేలాడేవి, అన్నీ పోను ఒకే ఒక్క కోటు నచ్చింది. కాలరు ముడత లేకుండా మెడకి అతుక్కుని ఉంది. చేతులు మణికట్టు దగ్గర కొలిచినట్టు ఆగాయి. ఇంత కచ్చితమైన కోటు వేసుకున్నవాడు పని కూడా కచ్చితంగానే చేస్తాడని ఆ కోటు వెనకే నడిచి వెళ్లి, దానితో పాటు ఆఫీసులోకి దూరాడు.

మనిషి కచ్చితమైనవాడే. కాకపోతే ఆయన పుట్టి బుద్ధెరిగాక భూముల తగాదాలు తప్ప వేరే కేసు పట్టలేదు. అది ఆ కోటు మీద ఎక్కడా రాసి లేదు. "కూర్చోండి," అన్నాడు. దర్జీ నిలబడ్డాడు. లాయరు పొడుగాటి కాగితం తీశాడు.

"నొప్పికి హద్దులు చెప్పండి. ఉత్తరాన?"

"వీపు అనుకుంటానండీ."

"దక్షిణాన?"

"తొడలు."

"తూర్పున?"

దర్జీ తూర్పు ఎటో చూద్దామని తిరిగాడు.

"మీరలా తిరక్కండి, హద్దులు మారిపోతాయి," అన్నాడు లాయరు చిరాగ్గా. "సరే, ఈ నొప్పి మీకు పిత్రార్జితమా, స్వార్జితమా?"

"కుర్చీ మీంచి పడి సంపాదించుకున్నదండీ."

"స్వార్జితం. మంచిది. అన్నదమ్ములకి వాటా ఉండదు."

దర్జీకి అన్నదమ్ములు లేరు. ఉన్నా ఈ ఆస్తిలో వాటాకి వచ్చేవాళ్లు కాదు. నమస్కారం పెట్టి, ఆ కాలరు వైపు చివరిసారిగా ఒక్క చూపు చూసి బయటపడ్డాడు.

ఇంటికొచ్చేసరికి భార్య దుకాణంలో నిలబడి కాజాలు కుడుతోంది. కథంతా విని, సూది ఆపకుండానే అంది: "మీరు కోటు చూశారు, మా తమ్ముడు బోర్డు చూశాడు. మనిషిని చూసినవాళ్లు లేరు. పోయినేడు కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చింది చూడండి, జిరాక్సు షాపు మీద ఆఫీసు ఉన్న లాయరమ్మ. ఆవిడ దగ్గరికి పోదాం."

"ఆవిడలో ఏం చూశావే?"

"కొలతలు తీసేటప్పుడు అందరూ పొట్ట లోపలికి లాగుతారు కదా. జడ్జీగారి భార్య లాగింది, స్కూలు పెద్దమ్మ లాగింది. ఇన్నేళ్లలో పొట్ట లాగని మనిషిని నేను ఆవిణ్ణొక్కదాన్నే చూశాను."

దర్జీ ఒప్పుకోక తప్పలేదు. ఊపిరి బిగబట్టి కొలతలిచ్చి, తర్వాత చొక్కా బిగుతైందని తగాదాకి వచ్చేవాళ్లతోనే ఆయన సగం జీవితం గడిచిపోయింది. అయినా ఒక్క విషయం గొంతులో అడ్డుపడింది. "ఆడ లాయరాయె. ఆవిడతో ఎలా చెప్పను?"

"తగిలిన చోటు చెప్పడానికి సిగ్గేమిటి? ఆస్పత్రిలో చెప్పలేదా?"

దర్జీ ఏదో దారం వెతుకుతున్నట్టు లోపలికి వెళ్లిపోయాడు.

జిరాక్సు షాపు పక్కన ఇరుకు మెట్లు. దర్జీ ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ, గోడ పట్టుకుని పక్కవాటుగా ఎక్కాడు, వెనకే భార్య. పైన చిన్న గది. ఉన్న మూడు కుర్చీల మీదా ఫైళ్లు గుట్టలుగా ఉన్నాయి. కూర్చోమనడానికి చోటే లేదు. దర్జీకి ప్రాణం లేచొచ్చింది. మూల ఒక ముసలి గుమాస్తా కంప్యూటరు ముందు రెండు వేళ్లతో టైపు కొడుతున్నాడు. లాయరమ్మ కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకుని, తలుపు దగ్గరికే వచ్చింది.

"ఎక్కడ తగిలింది?"

"నడుమండీ."

ఆవిడ ఎక్స్‌రే తీసుకుని కిటికీ వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది. "మీ నడుం చాలా బాగుంది," అంది. "ఇంత మంచి నడుం నేను చూళ్లేదు. దీన్ని పట్టుకుని కోర్టుకి వెళ్తే షాపువాళ్లు గెలుస్తారు."

"కానీ నొప్పి నిజమండీ," అన్నాడు దర్జీ.

"నిజమే. మెట్లెక్కుతుంటే పైనుంచి చూశాను. కానీ నడుం నొప్పి ఉన్న మనిషి అలా ఎక్కడు. ఎక్కడ తగిలిందో సరిగ్గా చెప్పండి."

భార్య ఆయన వైపు తిరిగింది. "ఆస్పత్రిలో నడుమని చెప్పారా? మరి ఇన్నాళ్లూ నేను వేడినీళ్ల సంచి పెడుతున్నది ఎక్కడ?"

దర్జీకి చెవులు కాలాయి. లాయరమ్మని చూశాడు, గుమాస్తాని చూశాడు, కిటికీ చూశాడు. "ఒక కాగితమ్ముక్క ఇప్పించండి, రాసిస్తాను," అన్నాడు.

"కోర్టులో కాగితమ్ముక్క ఇవ్వరు. నోటితో చెప్పాలి," అంది లాయరమ్మ. ఆవిడ గొంతులో వేళాకోళం లేదు. "అక్కడ నవ్వుతారు కూడా. ఒకసారి నవ్వుతారు, ఆ తర్వాత వింటారు. ఇక్కడ మీరు చెప్పలేకపోతే అక్కడ మీ తరఫున నేనేం చెప్పను?"

దర్జీ కళ్లు మూసుకున్నాడు.

"ముడ్డిపూస," అన్నాడు.

అనుకున్న దానికంటే కాస్త గట్టిగానే వచ్చింది. కింద జిరాక్సు మిషను ఆగినట్టు కూడా అనిపించింది. గుమాస్తా తలెత్తకుండా అడిగాడు: "డ కింద డ ఒత్తేనా మేడమ్?"

"అదే," అంది ఆవిడ.

టకటకమని రెండు వేళ్లూ కదిలాయి. ఎవరూ నవ్వలేదు. ఆ మాట అక్షరం పొల్లుపోకుండా తెర మీదకి వచ్చి, "కక్షిదారు" అన్న మాట పక్కన మర్యాదగా కూర్చుంది. దర్జీకి ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్లూ మింగినదంతా కక్కేసినట్టు హాయిగా అనిపించింది.

"రేపు పొద్దున మళ్లీ ఫొటో తీయిద్దాం, సరైన చోట," అంది లాయరమ్మ. "ఇక నష్టం సంగతి. ఈ దెబ్బ వల్ల ఏం పోగొట్టుకున్నారు?"

దీనికి దర్జీ తయారుగా వచ్చాడు. సగంలో ఆగిన రెండు సూట్లు, చేయిదాటిపోయిన స్కూలు యూనిఫారాల పని, వేరే దర్జీని వెతుక్కున్న పాత ఖాతాదారులు, అన్నీ వరసగా అప్పజెప్పడం మొదలుపెట్టాడు.

"అది కాదండీ," అంది భార్య మధ్యలో.

దర్జీ ఆగాడు.

"మేమిద్దరం పెళ్లయినప్పట్నుంచీ మధ్యాహ్నం పూట ఎదురెదురుగా కూర్చుని తింటాం. దుకాణం తలుపు దగ్గరికేసి, అరగంట. మిగతా రోజంతా మిషను చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడదు, మాట్లాడుకునేదంతా అప్పుడే. ఇప్పుడు ఈయన కిటికీ దగ్గర నిలబడి, అటు తిరిగి నాలుగు ముద్దలు మింగుతున్నారు. ఆయన నిలబడి తింటుంటే నేను కూర్చుని ఎలా తినను? నేనూ పొయ్యి దగ్గర నిలబడే తింటున్నాను. మేం మాట్లాడుకుని ఇరవై రెండు రోజులైంది."

ఆవిడ పని ఎక్కువై హడావిడిగా తింటోందనుకున్నాడు దర్జీ. ఏ రోజైనా వెనక్కి తిరిగి ఒక్కసారి చూసినా తెలిసేది. నొప్పి పడుతున్నది తానొక్కడే అనుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ తిన్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. చెయ్యి చాపి భార్య మోచెయ్యి పట్టుకున్నాడు, అంతమంది ముందూ.

గుమాస్తా వేళ్లు ఆగిపోయాయి. "నష్టాల పట్టికలో ఇది ఎన్నో వరసలో కొట్టమంటారు మేడమ్?" అని అడిగాడు.

లాయరమ్మ కళ్లజోడు కిందకి దించుకుంది.

"మొదటి వరసలో," అంది. "పూస రెండోది."