సీమంతానికి మల్లె సెంటు

మా తోటికోడలు జ్యోతి అక్క ఫోన్ చేసేసరికి నేను పప్పుకు పోపు పెడుతున్నాను. ఆమె కోడలు ప్రియాంకకు సీమంతం. వచ్చే ముత్తైదువలకు తాంబూలంతో పాటు చిన్న సెంటు సీసాలు కూడా ఇవ్వాలనుకుందట.

"చలికాలంలో మల్లెపూలు యాడ దొరుకుతాయిమే? దొరికినా వాసనుండదు. నీకు ముక్కు మంచిది కదా అశ్వినీ. ఇంట్లో ఊరికే ఉంటావు, పోయి ఒకటి ఎంచు. తెల్లపూల వాసనే ఉండల్ల, చూడు. ఇచ్చేది మటుకు నేనే ఇచ్చుకుంటా."

ఆ చివరి మాట ఎందుకన్నదో నాకు తెలుసు. నా భర్త గిరీష్ పోయి రెండేళ్లు దాటింది. నా చేత్తో తాంబూలం ఇవ్వకూడదు. దుకాణాలు తిరగడం, ఎంచడం, మోసుకురావడం ఆమె దృష్టిలో ఒట్టి పనులు. ఒట్టి పనికి ఎవరి చేయైనా పనికొస్తుంది.

"సరే అక్కా" అన్నాను. పోపు మాడిపోయింది.

మొన్న వేసవిలో కొండాపూర్‌లో, మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనే మా అమ్మాయి దివ్య నిశ్చితార్థం జరిగింది. తన జడలోంచి మూరెడు మల్లెలు తుంచి దివ్యే నా తలలో పెట్టింది. "నువ్వు పెట్టుకోకపోతే నేను పీటల మీద కూర్చోను" అంది. పెట్టుకున్నాను. కాసేపటికి జ్యోతి అక్క వెనకనుంచి వచ్చి, మగపెళ్లివారి ఆడవాళ్లందరూ చూస్తుండగా, పిన్నుతో సహా ఆ మూరను లాగేసింది. నాలుగు వెంట్రుకలు కూడా ఊడి వచ్చాయి.

"వాళ్లేమనుకుంటారుమే. కొంచెమన్నా తెలివుండల్ల" అంటూ, ఎంగిలి ఆకులు వేసే బకెట్లో ఆ పూలు పడేసింది. నా చేతిలోని పూలపళ్లెం కూడా తీసేసుకుంది. పెళ్లికొడుకు తల్లి తల దించుకుంది. పీటల మీద దివ్య కళ్లు నిండాయి. నేను నవ్వుతూ భోజనాల సంగతి చూడటానికి వెళ్లాను. ఆ రోజు నవ్విన నవ్వుకు నా దవడలు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.

అప్పటినుంచీ నాకు ఒకటే కోరిక. జ్యోతి అక్క ఒంటి మీద నాది ఏదో ఒకటి ఉండాలి. అది ఎవరిదో ఆమెకు తెలియాలి. ఆమె దాన్ని తీసి బకెట్లో వేయలేకపోవాలి.

మర్నాడు మధ్యాహ్నం హైటెక్ సిటీ దగ్గరున్న మాల్‌కి వెళ్లాను. సెంట్ల దుకాణంలో రోహిణి అని పేరు రాసి ఉన్న పిల్ల కాగితం ముక్కల మీద కొట్టి ఒక్కొక్కటే అందించింది.

"లిల్లీది చూడుండ్రి మేడమ్. మస్తు పోతది."

దండలో లిల్లీపూల వాసన అచ్చుగుద్దినట్టుంది. "వద్దమ్మా. ఇది మా ఇంట్లో ఫొటోకి ఉంది" అన్నాను.

"ఫొటోకి సెంటు కొడ్తరా మేడమ్?"

నవ్వాపుకోలేకపోయాను. ఎందుకో అర్థం కాకపోయినా ఆ పిల్ల కూడా నవ్వింది. తర్వాత ఇచ్చింది ఆఫీసు లిఫ్టు వాసన. ఆ తర్వాతది సబ్బు. ఇంకొకటి మొదట బాగానే ఉండి, కాసేపటికి పంచదార పాకంలా ముక్కుకు అతుక్కుంది. చివరికి ఒక మల్లెది ఇచ్చింది. కాగితం మీద పెద్దగా ఏమీ అనిపించలేదు. చేయి చాపి మణికట్టు మీద కొట్టమన్నాను.

మొదట తొడిమ తుంచితే వచ్చే పచ్చివాసన. పైన ఫుడ్‌కోర్టులో మెడలో ఐడీ కార్డులు వేలాడుతున్న పిల్లల మధ్య కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. కాఫీ చల్లారేసరికి మొగ్గ విచ్చింది. బయట ఎండలో కాసేపు నిలబడి చూశాను, ఇంకా చిక్కబడింది. ఆ పైన అసలు వాసన తేలింది. రాత్రంతా తలలో ఉండి పొద్దునకి దిండు మీద రాలిన పూల వాసన. కాస్త వాడినది, కాస్త మగ్గినది. ఆ మగ్గిన వాసన లేకపోతే అది పువ్వు కాదు, పువ్వు బొమ్మ. వాష్‌రూంలో సబ్బు పెట్టి చేయి కడిగాను. పోలేదు. మళ్లీ కడిగాను. తడికి ఇంకా లేచింది.

దుకాణానికి తిరిగి వెళ్లి, ఇదే, చిన్న సీసాలు కావాలన్నాను.

ఇంటికి తెచ్చాక పెట్టెలన్నీ మంచం మీద పరిచాను. మీట నొక్కితే పడని సీసా ఒక్కటి ఉన్నా మాట వస్తుంది. కాబట్టి ప్రతి సీసానూ పరీక్షించాలి. అద్దం ముందు జడ విప్పుకుని కూర్చున్నాను. ఒక్కొక్క సీసా మూత తీయడం, తలలో ఒకసారి కొట్టుకోవడం, మూత పెట్టి తుడిచి పెట్టెలో సర్దడం. జ్యోతి అక్క కోసం విడిగా పెట్టినదాన్ని రెండుసార్లు కొట్టుకున్నాను. తలనిండా పూలు పెట్టుకుని ఎన్నాళ్లయిందో.

సీమంతం కొత్తగూడలో వాళ్ల క్లబ్‌హౌస్‌లో. జ్యోతి అక్క నన్ను చివరి వరసలో, భోజనాల బల్లల పక్కన కూర్చోబెట్టింది. ప్రియాంకకు గాజులు తొడిగారు. ఆ తర్వాత జ్యోతి అక్క సెంటు సీసా తీసి కోడలి జడ మీద, చేతుల మీద కొట్టింది. "పూలు దొరకలేదు, ఇవే పూలనుకోమ్మా" అంటూ తన మెడకూ చెవుల వెనకా ధారాళంగా కొట్టుకుంది. ముత్తైదువలందరూ పూసుకున్నారు. హాలంతా వేసవి సాయంత్రమైపోయింది.

"మస్తుంది వదినా, ఎవరు తెచ్చిన్రు?" అని ప్రియాంక తల్లి చంద్రమ్మ అడిగింది.

"ఇంకెవరు, నేనే. ఎన్ని అంగళ్లు తిరిగినానో" అంది జ్యోతి అక్క.

ఆ మాట నేను అనుకోనిది. అడగకుండా అందిన వరం.

కాసేపటికి ఖాళీ పళ్లెంతో నా దగ్గరికి వచ్చి, "అశ్వినీ, వడ్డన మొదలుపెట్టిస్తావా?" అంది. మెడ దగ్గరినుంచి గుప్పుమంటోంది.

"బాగుందా అక్కా?"

"బాగుందిమే."

"చూడకుండా ఒక్కటీ పంపలేదు. ప్రతి సీసా ముందు నా జడలో కొట్టుకొని, మళ్లీ మూత పెట్టినా. కోడలిదీ అంతే. నీది రెండుసార్లు."

ఆమె పళ్లెం బల్ల మీద పెట్టి కొంగుతో మెడ తుడుచుకుంది. "తెలిసే చేసినావా?" అంది, గొంతు పైకి రాకుండా.

"పని చెప్పినావు, చేసినా. దివ్య నిశ్చితార్థంలో నా తలలోంచి లాగినావే, అవే పూలక్కా. ఇప్పుడు తీసెయ్, చూద్దాం."

అందరికీ వినబడేలా చెప్పి ఉంటే నలుగురూ ఆమె మీద జాలిపడేవాళ్లు. ఆమెకొక్కదానికే తెలియాలి. ఆ సెంటు కడిగేసుకోండని అందరితో అనాలంటే ఎంచింది తను కాదని ఒప్పుకోవాలి. వియ్యపురాలి ముందు ఎలా ఒప్పుకుంటుంది? ప్రియాంక మీద నాకు కోపం లేదు. ఆ బిడ్డకు నా వల్ల ఏమీ కాదు. ఈ దోషాలు నేను నమ్మను. జ్యోతి అక్క నమ్ముతుంది. నాకు అది చాలు.

ఆమె గబగబా వాష్‌రూంలోకి వెళ్లింది. వచ్చేటప్పటికి జాకెట్టు మెడ తడిసింది, చర్మం కందింది. వాసన ఆమెకంటే ముందు వచ్చింది. నేను కూర్చుని భోజనం చేశాను. గుత్తివంకాయ బాగా కుదిరింది, మారు వడ్డించుకున్నాను.

తర్వాతి వారం చంద్రమ్మ ఫోన్ చేసింది. "ఏందమ్మా మీ అక్క గిట్ల జేస్తుంది? సెంట్ల ఏదో తేడా ఉందట, సీసలన్నీ వాపస్ ఇయ్యుండ్రని అందరికీ ఫోన్లు చేస్తుంది. ఇచ్చింది మల్ల అడుగుతరా ఎవరన్న? నేనైతే ఇయ్య అన్న."

"ప్రియాంకదో?"

"అది అస్సలియ్యదు. ఆఫీసుకు రోజూ గదే కొట్టుకపోతది. కడుపుతోని ఉన్నోళ్లకు మంచిది కాదని మీ అక్క అంటే, డాక్టరమ్మను అడిగొచ్చి, ఏం ఫికర్ లేదన్నదని మొకం మీదనే చెప్పిందంట."

జ్యోతి అక్క భర్త రంగనాథ్ బావ కూడా ఏదో మాటల్లో అన్నాడు, మీ అక్క ఈ మధ్య పొద్దునొకసారి సాయంత్రమొకసారి తలంటుకుంటాంది, జలుబు చేసినా వినడంలేదు అని. "చలికాలం కదా బావా, జాగ్రత్త" అన్నాను.

నిన్న ప్రియాంకే ఫోన్ చేసింది. "చిన్నత్తా, సెంటు అయిపోవచ్చింది. అత్తమ్మను అడిగితే దుకాణం పేరు మర్చిపోయానంటారు. మీకేమైనా తెలుసా?"

"తెలుసమ్మా. నేను పంపిస్తాలే."

ఈ రోజు వెళ్లాను. ఉన్నవాటిలో పెద్ద సీసా తీయమంటే రోహిణి పై అరలోంచి దించింది.

"గిఫ్ట్ ప్యాక్ చెయ్యాల్నా మేడమ్?"

"చెయ్యి. ఇంటికి పంపుతారు కదా, నెలనెలా పంపుతారా?"

"పంపుతం. పైన ఎవరి పేరు రాయాలె?"

ప్రియాంక పగలంతా ఆఫీసులో ఉంటుంది. తలుపు తీసి అందుకునేది ఆమె కాదు.

"జ్యోతి అని రాయి" అన్నాను.