ఉత్తరం హద్దు రైలు గోడ

తెల్లారి అయిదున్నరకి కుళాయి వచ్చేది. నూకాలు రెండు బిందెలు పట్టుకుని, పొయ్యి మీద టీ పెట్టి, వంటగది కిటికీ రెక్కలు తీసేసరికి పక్కింటి జగ్గారావు క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేవాడు.

"ఎన్నున్నాయి సెల్లీ?"

"నాలుగు కనిపిత్తన్నాయి. అయిదోది సగమే."

అయినా జగ్గారావు లోపలికొచ్చి, ఊచల మధ్య ముఖం పెట్టి తనే లెక్కపెట్టుకునేవాడు. లంగరేసిన ఓడలు ఎక్కువుంటే ఆ రోజు పోర్టులో కళాసీ పని దొరుకుతుంది. రెండో మూడో ఉన్నాయంటే గేటు దాకా బస్సు చార్జీ దండగ. అలాంటి రోజుల్లో కంచరపాలెం మెట్టు దగ్గర కూలోళ్లు నిలబడే చోటికి పోయేవాడు.

ఆ ఇంటి వెనక రెండడుగుల సందు ఉంది. సందు అవతల రైల్వే వాళ్ల గోడ, గోడ అవతల గూడ్సు బళ్లు. సందులోకి వెళ్లి చూస్తే ఎవరికైనా గోడే కనబడుతుంది. వంటగదిలో నిలబడి చూస్తే మాత్రం సరుగుడు తోట, ఇసక, ఆ వెనక సముద్రం, ఓ పక్కన కొండ మూల. నూకాలు మొగుడు సింహాద్రి తాపీమేస్త్రి. ఆరేళ్ల కిందట బీచిరోడ్డులో ఏదో పాత బంగళా పడగొడుతుంటే అందులోని టేకు కిటికీ అడిగి తెచ్చి పెట్టాడు. పెట్టిన రోజు నుంచీ అలాగే ఉంది. గాలి బాగా వస్తోందని అందరూ సంతోషించారు. సాయంత్రాలు వీధిలో ఆడవాళ్లు చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చి కాసేపు నిలబడి పోయేవారు. నూకాలు కుట్టుమిషను ఆ కిటికీ కిందే వేసుకుంది. సముద్రం వెలుతురు చాలాసేపు ఉంటుంది గనక లైటు వేసే పని లేకుండా జాకెట్లకి హుక్కులు కుట్టేసేది. ఉప్పుగాలికి మిషను తుప్పు పట్టేది, ఆ ఒక్కటే ఇబ్బంది.

ఇంటి పన్ను కొత్తగా లెక్క కడుతున్నారని వీధిలో అనుకుంటూనే ఉన్నారు. ఇదివరకు ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుందో చూసి వేసేవారు, ఇప్పుడు ఇల్లు ఎంత ఖరీదు చేస్తుందో చూసి వేస్తారట. ఒక మధ్యాహ్నం వార్డు సచివాలయం నుంచి నిఖిత అనే అమ్మాయి టేపూ ట్యాబూ పట్టుకుని వచ్చింది. ఎండకి ముఖం కందిపోయి ఉంది. నూకాలు మజ్జిగ ఇచ్చింది. నిఖిత తాగి, ముందు గది కొలిచి, వంటగదిలోకి వచ్చి ఆగిపోయింది.

"సముద్రం కనిపిస్తోంది కదండీ."

"కనిపిత్తాదమ్మా. ఇంకొంచెం పొయ్యనా?"

నిఖిత గ్లాసు పక్కన పెట్టి ట్యాబు వైపు చూసింది. "ఇందులో ఒక గడి ఉందండీ. ఇంట్లోంచి సముద్రం కనిపిస్తుందా లేదా అని. బీచిరోడ్డు ఫ్లాట్ల కోసం పెట్టారు."

"మనది బీచిరోడ్డు కాదు కదమ్మా."

"కాదండీ. కానీ వీధి పేరు అడగడం లేదది. కనిపిస్తుందా అనే అడుగుతోంది. ఫొటో కూడా పెట్టాలి." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "లేదని రాస్తే రేపు ఇంకొకరు తనిఖీకి వస్తారండీ. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు."

ఫొటో తీసింది. ఓడలతో సహా పడింది.

నోటీసు వచ్చిన రోజు సింహాద్రి దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. ఇన్నాళ్లూ కట్టినదానికి ఆరింతలు. రెండు నెలల కూలి మొత్తం పోసినా చాలదు. మర్నాడు మొగుడూ పెళ్లాం పని మానుకుని పన్నుల ఆఫీసుకి వెళ్లారు. ఆఫీసరు చెడ్డవాడు కాదు. కుర్చీలు చూపించి కూర్చోమన్నాడు.

"విలువ పెరిగింది కాబట్టే పన్ను పెరిగిందయ్యా. ఒక రకంగా సంతోషించాలి."

"నిన్న ఒక బ్రోకర్ని అడిగినాను బాబూ, అమ్మితే ఎంతొత్తాదని," అన్నాడు సింహాద్రి. "దస్తావేజు సూసినాడు. ఉత్తరం హద్దు రైలు గోడ అని రాసుంది, రైలు గోడ రేటే ఇత్తానన్నాడు. పన్నుకైతే సముద్రం ఉన్నాది, అమ్మకానికి నేదు. ఇదేటి నాయం?"

ఆఫీసరు నీళ్లు తాగాడు.

"అయినా అమ్మడానికి కట్టుకోనేదు బాబూ, ఉండడానికి కట్టుకున్నాం," అంది నూకాలు. "ఇల్లు ఎంత సేత్తే మాకేటి? మా ఆయన కూలి ఎంతో సూసి ఎయ్యండి."

"కూలికి గడి లేదమ్మా," అన్నాడాయన.

చివరికి ఆయనే ఒక దారి చెప్పాడు. నోటీసు అందిన పదిహేను రోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చు. సముద్రం కనబడటం లేదని తనిఖీలో తేలితే పాత లెక్కకి మారుస్తారు. అర్జీ అక్కడే రాయించి, వేలిముద్ర వేసి వచ్చారు. తనిఖీ కూడా ఆ గడువులోపే అవ్వాలి; ఆఖరి రోజున, శనివారం నాలుగింటికి వస్తామన్నారు.

శుక్రవారం దాకా నూకాలు కిటికీ పూడ్చే మాట ఎత్తలేదు. శనివారం పొద్దున్న మిషను పక్కకి జరిపి, "కానియ్యి," అంది.

సింహాద్రి ఫ్రేము ఊడదీశాడు. ఊచలు పోయేసరికి గోడలో మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది. ఇసక అంత దగ్గరగా ఉందని ఆరేళ్లలో ఎవరికీ తట్టలేదు. ఆ రోజు పనికి పోని జగ్గారావు వచ్చి నడుం మీద చేతులేసుకుని చాలాసేపు చూశాడు. పెళ్లాం పోయాక అతనికి ఇంట్లో ఎవరూ లేరు. రోజులో ఎక్కువసేపు వీళ్లతోనే గడిపేవాడు.

"ఆ కొండ మూల అడ్డొచ్చీసి ఎనకాల ఎన్నున్నాయో ఎప్పుడూ తెలవనేదు సెల్లీ. ఇయాలతో సరి కదా. దిగి సూసొత్తాను."

"ఇప్పుడెందుకన్నా?"

"పది నిముసాలు. బావ ఇటికలు పేర్సుకుంటంటే పైనుంచి దూకీసి వచ్చెత్తాను."

లుంగీ ఎగ్గట్టుకుని దిగాడు. ఇసక మీద నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. "బుల్లి కొంప బావా మీది. ఇక్కడ్నించి సూత్తే అగ్గిపెట్టెలాగున్నాది," అన్నాడు. తర్వాత నీళ్ల ఒడ్డునే నడుస్తూ కొండ మూల తిరిగిపోయాడు.

సింహాద్రి సిమెంటు మాలు కలిపి ఇటుక వరసలు మొదలుపెట్టాడు. కావాలనే నెమ్మదిగా కట్టాడు. పన్నెండయింది, రెండయింది. నూకాలు జగ్గారావుకి ఫోను చేస్తే అందుబాటులో లేదని వచ్చింది. మూడున్నరకి రెండు వరసలు మిగిలాయి. నాలుగింటికి నిఖిత స్కూటీ దిగి లోపలికొచ్చేసరికి గోడలో ఒక్క ఇటుక ఖాళీ ఉంది. అందులోంచి గాలి ఈలేస్తోంది.

"ఇంకా ఒకటి ఉందండీ," అంది నిఖిత.

"మడిసి ఉన్నాడమ్మా అటు," అన్నాడు సింహాద్రి.

నిఖిత మునివేళ్ల మీద లేచి చూసింది. చాలా దూరంలో తడి ఇసక మీద తెల్ల బనియను ఒకటి కదులుతోంది. ఇటు వస్తోందో అటు పోతోందో తెలియలేదు.

"అయిదింటికి అప్‌లోడ్ ఆగిపోతుందండీ. ఈ రోజు దాటితే అర్జీ కొట్టేస్తారు."

"ఒక్క ఇటిక సందే కదమ్మా."

"సందు అని రాయడానికి లేదండీ. అవును, కాదు. అంతే."

నూకాలు ఆ సందుకి నోరు పెట్టి అరిచింది. "జగ్గారావన్నా! వచ్చీ! మూసెత్తన్నాం!" అలల హోరులో ఎంత వినబడిందో ఏమో, బనియను ఆగింది. చెయ్యి ఎత్తినట్టు కనబడింది. ఆగమన్నాడో, కట్టేసుకోమన్నాడో.

నిఖిత కూడా అరిచింది. ఆ తర్వాత గడియారం చూసుకుంది. పది నిమిషాలు తక్కువ అయిదయింది. మాలు రాసిన ఇటుక సింహాద్రి చేతిలో ఉంది. "నా వల్ల కాదే," అన్నాడు.

నూకాలు ఆ ఇటుక అందుకుంది. "ఇలాగ పెట్టి, అలాగ తీసీడమే కదా," అని తనలో తను అనుకున్నట్టు అని సందులో దోపింది. వంటగది ఒక్కసారిగా చీకటయింది. ఈల ఆగిపోయింది. నిఖిత ఫొటో తీసి, గడి నింపి, కళ్లెత్తకుండా వెళ్లిపోయింది.

స్కూటీ వీధి మలుపు తిరగకముందే సింహాద్రి ఆ ఇటుక పీకేశాడు. మాలు ఇంకా ఆరలేదు. అవతల రైలు గోడ ఉంది.

గోడంతా విప్పేశాడు. ఫ్రేము మళ్లీ బిగించాడు, ఊచలు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి. నూకాలు రెక్కలు మూసి తెరిచింది, మళ్లీ మూసి తెరిచింది. ఎన్నిసార్లు తెరిచినా రెండడుగుల సందూ, నల్లటి గోడా, అవతల గూడ్సు బండి. సోమవారం పోలీసు స్టేషనుకి వెళ్లారు. ఆఖరిసారి ఎక్కడ చూశారని అడిగారు. మా వంటగదిలో అన్నారు. కానిస్టేబులు అదే రాసుకున్నాడు.

రెండు వారాలకి కొత్త నోటీసు వచ్చింది. పన్ను తగ్గింది. పాత లెక్కే. నిఖితే తెచ్చి ఇచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "ఆయన వచ్చారాండీ?" అని అడిగింది. నూకాలు తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల కిటికీ వైపు చూసి, "ఇప్పుడు తెరిచి ఉంచినా ఎక్కువ పన్నేం పడదండీ," అంది. అన్నాక తనే సిగ్గుపడి, చున్నీతో ముఖం తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం, నూకాలు లైటు వేసుకుని జాకెట్టు కుడుతుంటే తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"సెల్లీ, నానే."

నూకాలు మిషను ఆపేసింది.

"బాగానే ఉన్నాను. ఇక్కడ వలలు బాగుసేసే పనిచ్చినారు. అన్నం పెడతన్నారు. ఊరి పేరు సెప్తన్నారు గానీ నాకు నోరు తిరగట్నేదు." వెనక అలలు వినబడుతున్నాయి. "సరుగుడు తోటంతా తిరిగీసినాను. మీ కిటికీ ఎక్కడా అవపడట్నేదు సెల్లీ. రోజూ పని అవగానే ఎతుకుతన్నాను. తెరిసే ఉంచినారా?"

నూకాలు మిషను మీంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. రెక్కలు రెండూ గోడకి ఆనేలా నెట్టింది. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. అవి పోయేదాకా ఆగింది.

"తెరిసే ఉంది అన్నా," అంది. "ఎతుకు."