చూడలేదు, విన్నాడు

ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజుకున్నాయో లేదోనని ఆమె మూత తీసి ఊదింది. రాజుకున్నాయి. అయినా నమ్మకం కుదరక అడుగున నీళ్ళు చిలకరించి చూసింది. వీధి మొత్తానికి ఆవిడ అనుమానాలమ్మ. బట్టలు తెచ్చినవాళ్ళ ఎదుటే జేబులు తిరగేసి చూపిస్తుంది, రేపు తన మీద నింద పడుతుందేమోనని. పెట్టె పట్టి పట్టి కుడి అరచెయ్యి కాయలు కాసింది. మొగుడు పోయాక కూతుర్ని ఆ చేత్తోనే పెంచింది.

ఇప్పుడు అనుమానమంతా ఆసుపత్రి మీద. కడుపుతో ఉన్న కూతురికి కాళ్ళు వాస్తే బీపీ ఎక్కువైందన్నారు. ఆ వాపు అందరికీ మామూలే, పురుడైతే అదే తగ్గుతుందని ఈవిడ కొట్టిపారేసింది. ఏడో నెలలోనే మనవడు పుట్టాడు. ఎలాగో బతికి బట్టకట్టాడు. నెలలు నిండని పిల్లలకు కంటి లోపలి నరాలు దెబ్బతినవచ్చనీ, ఇవాళ కళ్ళు చూపించకపోతే చూపే పోవచ్చనీ నర్సు మరీ మరీ చెప్పింది.

"శుభ్రంగా కళ్ళు తెరిచి చూస్తుంటే ఇంకేం చూపించాలే? చుక్కలు వేసి వాళ్ళే పాడుచేస్తారు" అంటూ ఆవిడ ఉయ్యాల పక్కన గట్టిగా చిటికె వేసింది. పసివాడు ఉలిక్కిపడి తల తిప్పాడు.

"చూశావా, ఎలా చూశాడో."

"చూడలేదమ్మా. విన్నాడు" అంది కూతురు.

మధ్యాహ్నం ఆలోచిద్దాంలే అని గొణిగి ఆవిడ పెరట్లో రేకుల కిందికి, తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. చెయ్యి చొక్కా మీద ఉంది గానీ మనసు లేదు. రుద్దిన కాలరే మళ్ళీ రుద్దింది. లోకాన్నంతా అనుమానించిన మనిషికి మొదటిసారి తన మాట మీదే అనుమానం పుట్టింది. భయమేసింది. పెట్టె దించేసి, పదవే పోదాం అనడానికి ఇంట్లోకి వచ్చింది.

ఉయ్యాల ఖాళీగా ఉంది. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. కూతురు ఒక్క మాటైనా చెప్పకుండా బిడ్డను తీసుకుని వెళ్ళిపోయింది.

కోపం రాలేదు, ఏడుపొచ్చింది. తన కడుపున పుట్టిన పిల్ల తనకు భయపడి దొంగలా వెళ్ళాల్సి వచ్చింది. వెనకాలే పోదామని గడప దగ్గర చెప్పుల కోసం చూసింది. తన పాత వెడల్పాటి చెప్పులు లేవు. ఎవడో ఎత్తుకుపోయాడనే అనుకుంది ముందు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

తర్వాత తెలిసింది. పురుడై నెల కావస్తున్నా ఆ కాళ్ళ వాపు తగ్గలేదు. గోడ వారగా కూతురి చెప్పులు అలాగే ఉన్నాయి, బలవంతాన తొడుక్కోబోతే ఒకదాని పట్టీ తెగి పక్కకు వేలాడుతోంది.