దమ్ము లేదని రాసిన ఉత్తరం

నడికుడి జంక్షన్‌లో టికెట్ కలెక్టర్ నూర్ మొహమ్మద్ ఒకప్పుడు రైల్వే బాస్కెట్‌బాల్ జట్టులో ఫార్వర్డ్. ఉద్యోగం ఆ ఆట వల్లే వచ్చింది. పల్నాడులో ఆట సంగతి ఎవరు మాట్లాడినా చివరి మాట తనదేనన్న నమ్మకం కూడా దాని వల్లే వచ్చింది. ఎనభై ఆరు మే నెలలో జట్టు కోచ్ సికిందరాబాద్ నుంచి కార్డు రాశాడు. నరసరావుపేట కాలేజీలో రసూల్ అనే ఫార్వర్డ్ ఉన్నాడట, స్పోర్ట్స్ కోటాలో ఒక్క ఖాళీ ఉంది, ఒక మ్యాచ్ చూసి పనికొస్తాడో లేదో రాయి, నీ మాటే ఖాయం అన్నాడు. ఆ కార్డు జేబులో పెట్టుకుని మనవాడు పెళ్లికొడుకులా రైలెక్కాడు.

రసూల్‌కి తండ్రి లేడు. తల్లి ఖాతూన్ బీ కుట్టుమిషన్ మీద ఇల్లు నడుపుతోంది. ఈ ఉద్యోగం రాకపోతే చదువు ఆపి లారీ షెడ్డులో చేరాల్సిందే. ఇదంతా ఫిజికల్ డైరెక్టర్ ప్రభాకరరావు ముందే చెవిన వేశాడు. జాలి వేరు, ఆట వేరు అన్నాడు నూర్ మొహమ్మద్.

నాలుగింటికి మ్యాచ్ మొదలయ్యేసరికి ఎండ ఇంకా మాడ్చేస్తోంది. మొదటి సగంలో కుర్రాడు ఇద్దరి మధ్యలోంచి లేచి బంతిని బుట్టలో వేస్తున్న తీరుకి నూర్ మొహమ్మద్ కుర్చీ అంచుకొచ్చాడు. తన కాలంలో తనకింత చేతనయిందా అని లోపల కాస్త కుళ్లుకున్నాడు కూడా. విరామంలో అందరూ నీళ్లకుండ చుట్టూ మూగితే రసూల్ ఒక్కడూ దూరంగా కూర్చున్నాడు. పొగరు కూడా ఉందన్నమాట అనుకుంటూ, ప్రభాకరరావు తెప్పించిన రెండో గోలీసోడా ఎత్తాడు. రెండో సగంలో కుర్రాడి కాళ్లు తేలిపోయాయి. బోర్డు కింద తేలిగ్గా దొరికిన బంతులు జారవిడిచాడు. వెనక్కి పరుగెత్తాల్సినప్పుడు నడుం మీద చేతులు వేసుకుని నిలబడిపోయాడు.

నూర్ మొహమ్మద్ అక్కడే కూర్చుని రాసేశాడు. "ఆట ఉంది. దమ్ము లేదు. నలభై నిమిషాలు నిలబడలేడు. తీసుకోవద్దు." గేటు పక్కనున్న పోస్టు డబ్బాలో వేశాడు. అతను చూస్తుండగానే పోస్టుమాన్ డబ్బా ఖాళీ చేసుకుపోయాడు.

స్టేషన్‌కి నడుస్తుంటే రసూల్ సైకిల్ మీద వచ్చి కలిశాడు. అమ్మ రమ్మంటోంది, రెండు ముద్దలు తిని వెళ్లాలంది అన్నాడు. ఇంట్లో చాప పరిచి ఉంది. మసీదు నుంచి పిలుపు వినిపించగానే ఖాతూన్ బీ ఖర్జూరాల పళ్లెం ముందు నూర్ మొహమ్మద్ వైపే జరిపింది.

"ఒక్కపొద్దు ఉండి ఎండలో ఇంత దూరం వచ్చావు అన్నా. ముందు నువ్వు నోట్లో ఏసుకో."

నూర్ మొహమ్మద్ రసూల్ వంక చూశాడు. ఆ పిల్లవాడు తల వంచుకున్నాడు. రంజాన్ అని నూర్ మొహమ్మద్‌కి తెలియక కాదు. మ్యాచ్‌లున్నాయని పాతికేళ్ల కిందట మానేసిన ఒక్కపొద్దులు ఆట మానేశాక కూడా అతను పట్టలేదు. ఆటగాడన్నవాడు ఉపవాసం ఉంటాడన్న ఊహే రాలేదు. ఆ తల్లి చూస్తుండగా ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు.

వీధిలోకొచ్చాక, ముందే ఒక మాట చెప్పొచ్చు గదరా అన్నాడు.

"మీరు సోడా తాగతా ఉంటే ఎట్టా చెప్పేది మామా? పక్కన సారు కూడా ఉండె."

తన పరువు కాపాడటానికి వాడు నోరు మూసుకున్నాడు. ఏం రాస్తారు మామా అని వాడు అడిగితే, బాగానే రాస్తాలే అని అబద్ధమాడి రైలెక్కాడు.

నడికుడిలో దిగగానే రెండో ఉత్తరం రాశాడు. ముందు 'నాకు తెలియలేదు' అని రాసి కొట్టేశాడు. "కుర్రాడు తెల్లారుజాము నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఆడాడు. నేను సోడా తాగుతూ చూశాను. మొదటి ఉత్తరం చింపేయండి."

పది రోజులకు జవాబొచ్చింది. "రెండూ అందాయి. మొదటిది ఆటగాడిగా రాశావు. రెండోది మీవాడని రాశావు. ఆ మొహమాటం నాకు తెలుసు, తప్పు పట్టను. ఖాళీలో వేరే అబ్బాయిని తీసుకున్నాం."

మర్నాడు మాచర్ల పాసింజరు ఆగింది. జనంలో అందరికంటే ఒక తల ఎత్తున రసూల్, టికెట్ చేత పట్టుకుని నవ్వుతూ గేటు వైపు వస్తున్నాడు. నూర్ మొహమ్మద్ కూలీ కాలేషాని గేటులో నిలబెట్టి పార్శిల్ గదిలో దూరాడు. టికెట్ లేనివాళ్లను ఎందరినో అతను అక్కడి మిరప బస్తాల వెనక నుంచే పట్టుకొచ్చాడు. ఇప్పుడు వాటి వెనకే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

నూర్ మామ లేడా అని రసూల్ అడగడం వినిపించింది. పనిమీద పోయాడన్నాడు కాలేషా.

"పర్లేదు, వచ్చిందాకా ఉంటా," అని రసూల్ బెంచీ మీద కూర్చున్నాడు.