ఒక ఫోను, ఇద్దరు మనుషులు

ఉయ్యూరు చుట్టుపక్కల ఊళ్లలో తిరిగే ఒక ట్రస్టు వైద్యశిబిరానికి శ్రీదుర్గ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. విజయవాడ భవానీపురంలోని తన గదిలో కూర్చుని, నెల రోజుల్లో. అందులో ఒక్కో రోగికి ఫోన్ నంబరే గుర్తింపు. నంబరు కొడితే వివరాలన్నీ వచ్చేస్తాయి.

ఇరవై ఏళ్లుగా అక్కడ నర్సుగా చేస్తున్న తెరేసమ్మ మొదటి రోజే అంది: "మేం ఇంటిని బట్టి గుర్తుపెట్టుకుంటామండీ. ఎవరి కోడలు, ఎవరి అత్త అని. నా నోటుపుస్తకం ఒక్కసారి చూడండి."

"పోనుపోను ఇదే అలవాటైపోతుంది లెండి," అంది శ్రీదుర్గ. పుస్తకం తెరవలేదు.

శిబిరానికి వచ్చేవాళ్లలో మాణిక్యం అనే పెద్దావిడకి పెన్సిలిన్ పడదు. ఆ సంగతి తెరేసమ్మే కంప్యూటర్లో ఎక్కించింది. జూలైలో మాణిక్యం కోడలు రాజేశ్వరి జ్వరంతో వచ్చి, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నంబరే చెప్పింది. కొత్తగా చేరిన ఉద్యోగి ఆ నంబరు మీదున్న మాణిక్యం పేరు తీసేసి ఆమె పేరు, ఆమె వివరాలు ఎక్కించాడు. అత్త వివరాలు చెరిగిపోయాయి.

మూడు వారాలకు మాణిక్యం కాలి పుండుతో వచ్చింది. తెరేసమ్మ ఆ రోజు సెలవు. ఆ ఉద్యోగి రాజేశ్వరి పేరు తీసి మళ్లీ మాణిక్యం పేరు పెట్టాడు. పడని మందుల గడి ఖాళీగా ఉంది. డాక్టరు అది చూసి పెన్సిలిన్ ఇంజక్షన్ రాశాడు. అడిగితే మాణిక్యం చెప్పేదేమో. ఎవరూ అడగలేదు. అంబులెన్స్ విజయవాడ చేరేలోపే ప్రాణం పోయింది.

"ఎక్కించినవాడి పొరపాటని రాసేద్దామమ్మా," అన్నాడు ట్రస్టు కార్యదర్శి వెంకటకృష్ణారావు.

"పొరపాటు నాదండీ. ఇద్దరు మనుషుల్ని ఒక్క నంబరుకి కట్టేసింది నేను."

శ్రీదుర్గ తన పొరపాటనే రాసిచ్చింది. తెరేసమ్మను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లి జరిగింది చెప్పింది. మాణిక్యం కొడుకు తిరుపతిరావు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"అడిగితే మా ఇంట్లో ఒకటే ఫోనని చెప్పేవాళ్లం కదండీ," అన్నాడు. గొంతు పెంచలేదు.

రాజేశ్వరి లోపలినుంచి వచ్చింది. "అయితే నా జ్వరం వల్లేనా?"

"కాదమ్మా, నా వల్ల."

రాజేశ్వరి నమ్మినట్టు కనిపించలేదు.

ఆ తర్వాత శ్రీదుర్గ నలభై రోజులు తెరేసమ్మతో ఇల్లిల్లూ తిరిగింది. మళ్లీ కొత్తగా రాసిన సాఫ్ట్‌వేర్‌లో ముందు ఇల్లు, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో. ఒకరిది ఎక్కిస్తే ఇంకొకరిది చెరగదు. నర్సుకు తోచింది రాసుకోవడానికి చోటుంది. సెప్టెంబరులో దాన్ని వాడడం మొదలుపెట్టారు.

రాజేశ్వరి శిబిరానికి రావడం మానేసింది. ఒంట్లో బాగోకపోతే బస్సెక్కి విజయవాడ వెళ్తోందని, అక్కడ కూడా ఫోన్ నంబరు చెప్పనంటోందని తెరేసమ్మ చెప్పింది.