ఖాళీ అంటే సున్నా కాదు

"నీ కోడ్ మళ్ళీ మొరాయిస్తోంది, కాస్త చూడు" అన్నాడు కువాంగ్-యి, నూనెలో వేయించిన పొడుగు రొట్టెను వేడి సోయాపాలలో ముంచుకుంటూ.

అతని భార్య సూ-యున్ సింకు దగ్గర నిలబడి చిలగడదుంప ఆకుకూర కాడలకు పీచు తీస్తోంది. వాళ్ళుండే షిన్‌చూ ఊరి సంతలో ఇంతకంటే చవకైన కూర లేదు, ఇంతకంటే పని పెట్టే కూరా లేదు. ఒక్కో కాడనూ విరిచి, పైపొర గోటితో పట్టి, కిందిదాకా లాగాలి. లాగకపోతే అత్తగారి పళ్ళ సందున ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే ఆవిడ భోజనం అయ్యేదాకా నాలుకతో దాన్ని వెతుక్కుంటూ కోడలి వంకే చూస్తుంది.

చేతిలో కాడ అలాగే ఆగిపోయింది. 'నీ' అన్నాడు. పోయిన నెల, మేనేజరు అందరి ముందూ భుజం తట్టిన రోజున, ఇదే కోడ్ 'నా ప్యాచ్'. తన చెల్లెలు ఫోను చేస్తే 'నేను రాసింది ప్రపంచమంతా చూస్తోందే' అన్నాడు. ఈవేళ పాడైంది కనుక 'నీ కోడ్'. బాగా చదివితే తండ్రి కూతురు, జలుబు చేస్తే తల్లి నిర్లక్ష్యం అన్నట్టే ఇదీను.

సర్వర్ బోర్డులను లేపి నడిపించే ఫర్మ్‌వేర్ రాసేవాళ్ళకు చిప్ ఎప్పుడూ ఆలస్యంగానే చేతికొస్తుంది. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చేలోగా పని ఆగకూడదని ఎమ్యులేటర్‌లో ఓ ఉత్తుత్తి బోర్డును నిలబెట్టుకుంటారు. అంతా సాఫ్ట్‌వేరే, కానీ అచ్చం అసలు బోర్డులా నడుస్తుంది. దానికి డిస్క్ కావాలంటే ఓ ఫైలు చూపించి 'ఇదే నీ డిస్క్' అంటే సరిపోతుంది, అది అందరికీ తెలిసిన పనే. అయితే బోర్డు మీద డిస్క్ కాని చిన్నాచితకా మెమరీలు కొన్ని ఉంటాయి. వాటి సంగతి ఎవరూ పట్టించుకోరు. ఫ్యూజు మెమరీ అలాంటిదే. బోర్డుకు తాళంచెవుల్లాంటి రహస్య సంఖ్యలను అందులో ఒక్కసారే కాల్చి రాస్తారు, ఇక చెరపడమన్నది ఉండదు. ఉత్తుత్తి బోర్డులో మాత్రం దాని వెనక ఏ ఫైలూ లేదు. ఆపి మళ్ళీ నడిపిస్తే చాలు, రాసిందంతా మరిచిపోయి లేచేది. కువాంగ్-యి టీమ్ మొత్తం దీంతో తలలు బాదుకుంటుంటే, అతను లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "నువ్వు ఇదివరకు ఇలాంటివి చేసేదానివిగా. ఇంట్లో ఖాళీగానే ఉంటావు, ఓసారి చూడు."

ఖాళీగా! అత్తగారి తుంటి ఎముక విరిగిన ఏడాది, పాప ఇంకా పాకుతుండగా, సూ-యున్ ఉద్యోగం మానేసింది. 'కొన్నాళ్ళేలే' అన్నాడు అప్పుడు. ఆ కొన్నాళ్ళు పాప బడికి వెళ్ళేదాకా సాగాయి. అందులోనే ఆమె ఈ పని చేసింది. అత్తగారికి వ్యాయామం చేయించే చోట బయట బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని చేసింది. కూర పొయ్యి మీద పెట్టి, మాడకుండా ఒక కన్ను అటు వేసి చేసింది. చిప్ తయారుచేసినవాళ్ళ పుస్తకాన్ని ఎవరూ చదవనంత ఓపికగా చదివింది. ఆ మెమరీ ఏమీ రాయకముందు అన్నీ సున్నాలుగా ఉండదని ఆమెకు అక్కడే తెలిసింది. ఒక వరుస సున్నాలు, పక్క వరుస ఒకట్లు, మళ్ళీ సున్నాలు, చారల దుప్పటిలా ఉంటుంది. ఆ చార తప్పిన చోటల్లా కాల్చినట్టే లెక్క. కనుక వెనక పెట్టే కొత్త ఫైలునూ అలా చారలు చారలుగానే నింపేట్టు రాసింది. ఫైలు సైజు సరిపోకపోతే బోర్డు లేవకుండా, ఎందుకు లేవలేదో చెప్పేట్టు రాసింది. అది పనిచేసిన మధ్యాహ్నం ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేక, అత్తగారికి చెప్పింది. "అలాగా, ఇంతకీ నా మందు వేసుకునే వేళ అయిందా?" అంది ఆవిడ.

ఎమ్యులేటర్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో, అందరూ చదివే ఓ మెయిలింగ్ లిస్టుకు ప్యాచ్‌లు, అంటే తాము చేసిన కోడ్ మార్పులు, పంపి దాన్ని పెంచుతారు. ప్యాచ్ పైన రాసిన మనిషి పేరు ఉంటుంది, కింద పంపిన మనిషి సంతకం ఉంటుంది. రెంటికీ చోటుంది. కువాంగ్-యి పంపినప్పుడు రెండు చోట్లా తన పేరే పెట్టుకున్నాడు. లిస్టులో చూసి ఆమె అడిగితే, "నీకిప్పుడు కంపెనీ ఏదీ లేదు కదా, లాయర్లు వంద ప్రశ్నలేస్తారు. ఇంట్లో ఎవరి పేరైతే ఏముందిలే" అన్నాడు. కంపెనీ లేనివాళ్ళు ఆ లిస్టులో బోలెడుమంది ఉన్నారని ఆమెకు తెలుసు. అతనికీ తెలుసు.

మొన్న బుధవారం ఒక ఫర్మ్‌వేర్ కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్ళింది. "వెళ్ళిరా, నీకూ కాస్త కాలక్షేపం" అన్నాడు కువాంగ్-యి. అక్కడ టీమ్‌ను నడిపే మిస్ ఫాన్ నెమ్మదైన మనిషి. ఈ మధ్యకాలంలో చేసిన పని ఏదైనా ఉంటే చూపించమంది. సూ-యున్ ఆ ప్యాచ్ తెరిచింది.

"ఇందులో మీ పేరేదండీ?"

"రాసింది నేనే. మా ఆయన పంపారు."

పక్కనున్న ఇంజనీరు పకాలున నవ్వాడు. "మా ఆవిడా అంతే. నా స్లైడ్లకు రంగులు దిద్దిపెట్టి, సగం పని తనదే అంటుంది."

మిస్ ఫాన్ నవ్వలేదు. తలుపుదాకా వచ్చి మెల్లగా చెప్పింది. "నేను నమ్ముతున్నాను. కానీ పైవాళ్ళకు నా నమ్మకం చూపించలేనుగా. మీ పేరుతో ఏదైనా ఉంటే సోమవారంలోగా పంపండి. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

ఈవేళ శనివారం.

చేతులు తుడుచుకుని వచ్చి సూ-యున్ లాప్‌టాప్ ముందు కూర్చుంది. బోర్డును లేపి చూసింది. కొత్త ఫైలు ఇచ్చినా, ఫ్యూజుల్లో సగం ముందే కాలిపోయి ఉన్నాయంటూ అది లేవనని భీష్మించింది. ఆమె రాసినదాన్నీ అతను పంపినదాన్నీ పక్కపక్కన పెట్టి చూసేసరికి సంగతి తెలిసిపోయింది.

"చారలు నింపే ముక్క ఎవరు తీసేశారు? సైజు చూసే ముక్క ఏదీ?"

"ఓ, అదా? చూడ్డానికి అడ్డదిడ్డంగా ఉంది. ఖాళీ అంటే సున్నాలేగా, ఎవరికి తెలీదు! పంపేముందు నేనే కాస్త శుభ్రం చేశా."

"శుభ్రం చేశావా? ఈ ఇంట్లో నువ్వు శుభ్రం చేసింది అదొక్కటే, కువాంగ్. అదీ పాడుచేశావు."

సోఫాలోంచి అత్తగారు టీవీ గొంతు తగ్గించింది. "పొద్దున్నే ఏమిటమ్మాయ్ ఆ అరుపులు? మొగుడు అడిగింది చేసిపెడితే చేతులేమైనా అరిగిపోతాయా?"

"చేతులు అరగవత్తయ్యా. పేరే అరుగుతోంది."

"వాడి పేరు నిలబడితే నీది నిలబడినట్టు కాదూ? మా కాలంలో నా పేరు పెట్టి పిలిచినవాళ్ళే లేరు. నేను బతకలేదా?"

కువాంగ్-యి రెండు చేతులూ ఎత్తాడు. "సరే, తప్పు నాదే. సరిచేసి ఇచ్చెయ్, నేను పంపిస్తా. లిస్టులో ఆ భాగం చూసుకునే ఓటాకర్ కూడా అదే అడిగాడు, ఖాళీ చిప్‌లో నిజంగా అన్నీ సున్నాలేనా అని. ఆయనకు జవాబు కూడా నువ్వే రాసిపెట్టు. నా ఇంగ్లీషు సంగతి తెలుసుగా!"

"పేరు?"

"మళ్ళీ అదేనా! మధ్యలో పేరు మారితే ఆఫీసులో నా మొహం ఎక్కడ పెట్టుకోను? అయినా నువ్వూ నేనూ వేరా?"

ఆ మాట అతనికి గిన్నెలు కడిగేటప్పుడు గుర్తుకు రాదు. అర్ధరాత్రి పాపకు జ్వరం వస్తే గుర్తుకు రాదు. అప్పుడు ఇద్దరూ వేరే, అతనికి పొద్దున మీటింగ్ ఉంటుంది. ఆమె దగ్గర తీసుకోవలసినది ఏదైనా ఉన్నప్పుడే ఇద్దరూ ఒకటవుతారు. మెచ్చుకోళ్ళు ఒకరికి, ఆకుకూర పీచు ఒకరికి, మధ్యలో గీత మాత్రం ఉండదట! ఇన్నేళ్ళలో ఎప్పుడు కోపం వచ్చినా ముందు కళ్ళలో నీళ్ళు తిరిగేవి, ఆ నీళ్ళు చూసి అతను గెలిచేసేవాడు. ఈవేళ కళ్ళు పొడిగా ఉన్నాయి.

తీసేసిన ముక్కలను తిరిగి పెట్టింది. కొత్త ఫైలు ఇచ్చి బోర్డును లేపింది, ఒక తాళంచెవి కాల్చింది, ఆపింది, మళ్ళీ లేపింది. బోర్డుకు అది గుర్తుంది. కావాలని పొట్టి ఫైలు ఇచ్చి చూసింది. సైజు చాలదని చెప్పి ఆగిపోయింది. తర్వాత ఓటాకర్‌కు జవాబు రాసింది. కాదు, అన్నీ సున్నాలు కావు అని, పుస్తకంలో ఏ పేజీలో ఉందో చెప్పి రాసింది. కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చింది. 'దీన్ని రాసింది నేను. మొదటి విడతలో నా పేరు తొలగించారు.' పైన రాసిన మనిషి చోట, కింద సంతకం చోట, పెంగ్ సూ-యున్ అని పెట్టింది.

పంపే మీట మీద వేలు కాసేపు ఆగింది. లిస్టుకు ఒకసారి వెళ్ళిన మెయిల్‌ను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. సోమవారం అతని ఆఫీసులో అందరూ చదువుతారు. మేనేజరూ చదువుతాడు. ఈ సోఫా ఈ సోఫాలా ఉండదు, ఈ బల్ల దగ్గర భోజనాలు ఇలా ఉండవు. బహుశా ఈ కాపురమే ఇలా ఉండదు. అదంతా ఆమె ఒక్కొక్కటే చూసుకుంది, అత్తగారి మందులు చూసుకున్నంత జాగ్రత్తగా. చూసుకుని నొక్కింది. లిస్టులో అది కనబడగానే ఆ లింకును మిస్ ఫాన్‌కు కూడా పంపింది.

బల్ల మీద కువాంగ్-యి ఫోను మోగింది. తీసి చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"యున్! ఇదేమిటి, పొరపాటున నీ పేరుతో వెళ్ళిపోయింది!"

"లేదు" అంది సూ-యున్. "పొరపాటు పోయిన నెల వెళ్ళింది. ఇది దిద్దుబాటు."